పూలింట్లో చలి లేదు

మామ పోయాక పొలాలు పంచుకున్నాం. కొండవాలున ఉన్న కాఫీ తోట పెద్దవాడైన మా ఆయన వాటాకు వచ్చింది. దానికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు కూడా మావే. కింద వాగు పక్కనున్న చదును నేల ఆయన తమ్ముడికి వెళ్ళింది. ఆ నేలలో నూనెకు ఆడించే వలిసెలు, రాజ్‌మా తప్ప ఇంకేమీ పండించి ఎరగం. పెద్దల ముందు ముఖం మామూలుగా పెట్టుకుని కూర్చున్నాను గాని, లోపల పట్టరాని సంతోషం. మంచిదంతా మాకే వచ్చిందనుకున్నాను. నా తోటికోడలు ఒక్క మాట కూడా అనకుండా తలూపింది. అంత నెమ్మదిగా ఎలా ఒప్పుకుందా అని నాకు అప్పుడే అనుమానం రావలసింది.

మాది చింతపల్లికి ఎగువనున్న ఊరు. చలికాలం తెల్లారేసరికి గడ్డి మీద మంచు గట్టిపడి ఉప్పు చల్లినట్టు కనిపిస్తుంది. ఆ మంచు చూడటానికి మైదానం నుంచి కార్లలో జనం వస్తారు, ఫొటోలు తీసుకుని పోతారు. మాకు మాత్రం అది వేళ్ళు పగిలే కాలం. వంకాయ నారు, టమాటా నారు నల్లబడి తలవాల్చే కాలం. పొయ్యి దగ్గర ఎవరు ముందు కూర్చుంటారనే దాని మీద ఇళ్ళలో తగువులు వచ్చే కాలం.

మరిది, అతని భార్య కొన్నేళ్ళు హోసూరు వైపు పూలు పెంచే ఒక కంపెనీలో పనిచేసి వచ్చారు. అతను గొట్టాలూ మోటార్లూ చూసేవాడు, ఆమె పూలు కోసి కట్టలు కట్టేది. పంపకాలైన తరువాత వచ్చిన ఎండాకాలంలో వాళ్ళ నేల దగ్గరికి ఒక లారీ వచ్చింది. ఇనప గొట్టాలు, పెద్ద పెద్ద ప్లాస్టిక్ చుట్టలు దింపారు. వానలు మొదలయ్యే లోపల అక్కడ ఒక తెల్లని ఇల్లు లేచింది. కాగితాల్లో దాని పేరు పాలీహౌస్. ఊళ్ళో అందరూ పూలిల్లు అన్నారు. లోపల వరసలుగా జెర్బెరా మొక్కలు నాటారు. ఎరుపు, పసుపు, గులాబి రంగుల్లో ఆ పూలు అరచెయ్యంత వెడల్పు పూస్తాయి, పెళ్ళి మండపాలకు వాటికి మంచి గిరాకీ అని మరిది చెప్పాడు.

అప్పటికి నాకు పెద్దగా కుళ్ళు లేదు. చలి వచ్చేసరికి అంతా మాడిపోతుందిలే అని ధైర్యంగా ఉన్నాను.

దసరా వెళ్ళాక ఇంకో లారీ వచ్చింది. ఈసారి దాని మీద టార్పాలిన్ కప్పి ఉంది. అందులోంచి ఒక ఇంజను, పొడుగు మెడ ఉన్న డ్రమ్ములాంటి ఒక పొయ్యి, మనిషంత ఎత్తు స్టీలు తొట్టి దింపారు. ఊరంతా చూడ్డానికి వెళ్ళింది. నేను వెళ్ళకూడదనుకున్నాను గాని కాళ్ళు ఆగలేదు.

"ఇదేటే, నీళ్ళ మోటారా?" అని తోటికోడలిని అడిగాను.

"కరెంటు తీసే ఇంజనక్కా," అంది. ఆమె ముఖం వెలిగిపోతోంది. "ఈ పొయ్యిలో ఎండు కర్రముక్కలేసి, గాలి సాలకుండా మండిత్తే గ్యాసు వత్తాది. ఆ గ్యాసుతో ఇంజను తిరిగి కరెంటిత్తాది. మోటార్లకి, పూలు దాసే సల్లగదికి ఆ కరెంటు సాలు. ఇంజను కాగిపోకుండా దాని సుట్టూ నీళ్ళు తిరుగుతాయి కదా, ఆ నీళ్ళు సలసలా కాగిపోయి వత్తాయి. ఆటిని పారబొయ్యకుండా ఈ తొట్టిలో దాసి, రేతిరి మొక్కల మధ్య గొట్టాల్లో తిప్పుతాం."

"అంటే పొయ్యి ఒకటే, అన్నం కూరా రెండూ ఉడుకుతాయన్నమాట."

"అదేనక్కా! నువ్వు ఒక్క మాటలో సెప్పేసావు."

మెచ్చుకుంది. అది కూడా నాకు నచ్చలేదు. అంత పెద్ద సామాను పెట్టుకున్న మనిషి నన్ను మెచ్చుకోవడం ఏమిటి?

ఆ చలికాలం బాగా ముదిరిన ఒక ఉదయం, మా పెరట్లో టమాటా నారంతా ఉడికించినట్టు వాలిపోయి ఉంది. నేను రెండు స్వెట్టర్లు వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ కిందికి దిగాను. ఏదో జల్లెడ అడగాలన్న వంకతో పూలింటి తలుపు తీశాను. లోపలి గాలి వచ్చి ముఖానికి తగిలింది. బాలింత గదిలాగా వెచ్చగా ఉంది. తోటికోడలు పల్చని నూలు చీరలో, చేతులు మోచేతుల దాకా తడుపుకుని పూలు కోస్తోంది. స్వెట్టరు లేదు, శాలువా లేదు. నుదుటి మీద చిన్న చెమట బొట్టు.

ఆ చెమట బొట్టు నేను మరచిపోలేదు. మా ఊళ్ళో ఆ నెలలో, ఆ పొద్దున, ఒక ఆడదానికి చెమట పట్టడం ఎప్పుడూ చూడలేదు. ఇంటికి వచ్చాక మా ఆయనతో పోట్లాడాను.

"తమ్ముడు అన్ని ఊళ్ళు తిరిగొచ్చాడు, నువ్వు ఏ ఊరెళ్ళావు?"

ఆయన మిరియాలు చెరుగుతున్నాడు. "నానెళ్ళిపోతే ఈ తోట ఎవడు సూసేవోడు? నీకేటి తక్కువైందే?"

"సలి ఎక్కువైంది," అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వినందుకు ఆ పూట ఆయనకు కూర వేడి చేసి పెట్టలేదు.

దాని వరకైతే ఎలాగో ఓర్చుకుందును. అత్త సంగతి వచ్చేసరికి ఓర్చుకోలేకపోయాను.

మా అత్తకు మోకాళ్ళ నొప్పులు. చెవులు సరిగా వినపడవు. పంపకాల్లో ఆమె ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నే రాలేదు. పెద్దకోడలి పొయ్యి దగ్గరే ఆమె చోటు. నేను పెళ్ళై వచ్చినప్పటి నుంచి ప్రతి పొద్దున పొయ్యి పక్కన పీట వేసుకుని, నేను రాగిపిండితో కాచిన చోడి అంబలి తాగుతూ, ఊళ్ళో ఎవరి పంది ఎవరి పసుపు తోటను తవ్విందో దగ్గర నుంచి ఎవరి ఇంటికి కొత్త పాస్టరు వచ్చాడో దాకా చెబుతూ కూర్చునేది. నేను సమాధానం చెప్పినా ఆమెకు వినిపించదు. అయినా ఆ మాటల్లేకుండా నాకు వంట సాగదు.

ఒక రోజు అత్త, మరిది కూతురి చెయ్యి పట్టుకుని ఇంజను షెడ్డు చూడ్డానికి వెళ్ళింది. వేడినీళ్ళ తొట్టి పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. సాయంత్రం తిరిగొచ్చి, "మోకాళ్ళు పట్టేసినట్టు లేదే," అంది. మర్నాడు అంబలి తాగకుండానే వెళ్ళింది. ఆ తరువాత రోజూ అదే పనైంది. ఇంజను మోత మిగతా వాళ్ళు నిమిషం భరించలేరు, ఆమెకు మాత్రం అది వాన చప్పుడులాగా ఉండేదేమో. తొట్టికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, హాయిగా నిద్రపోయేది.

నా పొయ్యి పక్కన పీట ఖాళీగా ఉండేది. ఉదయం పూట దాన్ని కాలితో పక్కకు నెట్టి, మళ్ళీ తెచ్చి అక్కడే వేసేదాన్ని.

"అత్తా, నా పొయ్యి కాడ సలేత్తందా?" అని ఒకసారి చెవి దగ్గర అరిచి అడిగాను.

"నీ పొయ్యి ముందునుంచి కాలుత్తాదే, వెనకాల సలే," అంది. "అక్కడ వెనకనుంచి వత్తాది వేడి."

ఇన్నేళ్ళ పొయ్యిని ఒక స్టీలు తొట్టి ఓడించింది. అప్పటి నుంచి నేను ఓటమి ఒప్పుకోకుండా రోజూ పొద్దున్నే అంబలి కాచి, కారియర్లో పోసి, కొండ దిగి షెడ్డుకు తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. ఊళ్ళోవాళ్ళు "అత్త మీద ఎంత ప్రేమో" అన్నారు. నిజమే అనుకోండి. కాకపోతే ఆ తొట్టి పక్కన అత్త నా తోటికోడలి చేతి టీ తాగుతూ కూర్చుంటే నాకు కళ్ళలో నిప్పులు పోసుకున్నట్టు ఉండేది.

అలా వెళ్ళి వస్తున్నప్పుడే ఇంకో విషయం చూశాను. మధ్యాహ్నం ఎండ వచ్చాక పూలింటికి వేడి అక్కర్లేదు. ఇంజను మాత్రం మోటార్ల కోసం, చల్లగది కోసం తిరుగుతూనే ఉంటుంది. తొట్టి నిండా వేడి పట్టాక మిగిలిన వేడిని ఒక పెద్ద ఫ్యాను షెడ్డు వెనక గోడలోంచి బయటికి ఊదేస్తుంది. ఆ గాలి కొండ వైపు పోతుంది. అక్కడ గడ్డి ఎండిపోయి పసుపు పచ్చగా అయింది.

అదే రోజుల్లో ముసురు పట్టింది. మా కాఫీ గింజలు కడిగి, బల్లల మీద ఆరబోసి ఉన్నాయి. పొద్దున కప్పిన పట్టా తీయడం, చినుకు పడగానే మళ్ళీ కప్పడం. ఎన్ని తిప్పలు పడ్డా గింజకు తడి వాసన పట్టింది, అక్కడక్కడా బూజు కనిపించింది. బూజు గింజలు ఏరుతూ కిందికి చూస్తే ఆ ఫ్యాను తిరుగుతూ కనిపించేది. వాళ్ళు ఉంచుకున్న వేడి చూస్తే ఒక రకం కుళ్ళు. వాళ్ళు పారబోస్తున్న వేడి చూస్తే దానికంటే ఎక్కువ కుళ్ళు. అడగొచ్చు కదా అని మా ఆయన అన్నాడు. అడిగితే నా తల తెగిపడినట్టే అనుకున్నాను.

అలాంటి ముసురు రోజునే అది జరిగింది. ఈదురుగాలి కొడుతోంది. ఎప్పటిలాగే కారియర్ పట్టుకుని దిగాను. చలిగాలి రాకుండా ఎవరో షెడ్డు తలుపు, కిటికీ రెండూ మూసేశారు. తలుపు తోశాను. అత్త తొట్టికి ఆనుకుని లేదు. పక్కకు ఒరిగి నేల మీద పడి ఉంది. నోటి పక్కన వాంతి. ముఖం ఎన్నడూ లేనట్టు ఎర్రగా ఉంది.

"అత్తా!" అని కుదిపాను. కళ్ళు సగం తెరిచి మూసేసింది.

చంకల కింద చేతులు వేసి బయటికి ఈడ్చాను. కారియర్ దొర్లి అంబలంతా ఆమె చీర మీద పడింది. గడపదాటి వానలోకి తెచ్చేసరికి నా తల కూడా దిమ్మెక్కింది. గట్టిగా కేక పెట్టాను. పూలింట్లోంచి తోటికోడలు పరుగెత్తుకొచ్చింది. ఆమె చేతిలో ఇంకా కత్తెర ఉంది.

"గ్యాసు! గ్యాసు వచ్చేసింది!" అని అరిచి, మొగుడిని పిలిచి ఇంజను ఆపించింది. పూలు తీసుకెళ్ళే వ్యాను అప్పుడే వచ్చి ఉంది. పూల పెట్టెలు వానలోనే దింపేసి, అత్తను అందులో పడుకోబెట్టి చింతపల్లి తీసుకెళ్ళాం. దారంతా అత్త తల నా ఒళ్ళో, కాళ్ళు ఆమె ఒళ్ళో.

పొయ్యి నుంచి ఇంజనుకు వెళ్ళే గొట్టం అతుకు దగ్గర వదులై గ్యాసు కారిందని తరువాత తెలిసింది. అది ఊపిరితిత్తుల్లోకి పోయి రక్తంలో గాలి చేరనివ్వదట, తలుపు తీసి ఉంటే చెదిరిపోయేదట. డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టింది. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదంది. మధ్యాహ్నానికి అత్త కళ్ళు తెరిచి, "నా సీర మీద ఏటిది?" అని అడిగింది. అంబలి అన్నాను. "ఒలకబోసేసావా?" అని కోప్పడింది. అప్పుడు గాని మా ఇద్దరికీ ఏడుపు రాలేదు.

ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఇదే సమయం, నాలుగు మాటలు అనేద్దామని నా నాలుక చివరి దాకా వచ్చింది. మీ సోకుల ఇంజను ముసలిదాన్ని మింగేసేది కదా అని. ఆ మాట ఇంకా బయటపడక ముందే ఆమె అంది:

"అక్కా, ఒకటి సెప్తాను, కోప్పడకు. అత్త మా కాడ కూకుని రోజూ నీ మాటే. పెద్దకోడలి అంబలి, పెద్దకోడలి సింతాకు పప్పు. నానేటి పెట్టినా తింటాది గాని బాగుందని ఒక్కనాడూ అన్లేదు. ఆ కారియర్ పట్టుకుని నువ్వు దిగుతుంటే నాకు కడుపు మండిపోయేది. ఈయమ్మకి మా వేడి కావాలి, నీ సెయ్యి కావాలి. నానేటికి?"

ఆమె మీద జాలి పడాలి కదా. పడలేదు. లోపల ఎక్కడో చక్కెర కరిగినట్టయింది. నన్ను చూసి ఎవరైనా కుళ్ళుకోవడం నాకదే మొదటిసారి. కాసేపటికి ఆ తీపి కాస్తా పోయింది. అత్త నా పొయ్యి పక్కన అన్నేళ్ళు కూర్చుంది గదా, నా అంబలి బాగుంటుందని నాతో ఒక్కసారైనా అన్నదా? ఆ మాటలన్నీ ఆ షెడ్డులో తోటికోడలికి చెప్పింది. మళ్ళీ ఈర్ష్య మొదలైంది.

"నాతో ఎప్పుడూ అన్లేదే," అన్నాను.

"నిజంగా?" అని నా వైపు తిరిగింది. తరువాత ఆమె పకపకా నవ్వింది. లోపలి నుంచి నర్సు వచ్చి నెమ్మదిగా ఉండమని కసిరింది.

అప్పుడే అడిగేశాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు. ఆమె నవ్వు చూసే అయ్యుంటుంది.

"మీరు పగటేల వెనకనుంచి ఊదేసే వేడి ఉంది సూడు, అది నాకివ్వకూడదా? కాఫీ ఎండబెట్టుకుంటాను. మీ పొయ్యిలోకి సిల్వర్ ఓక్ కొమ్మలు నాను ఇత్తాను. మా తోటలో ఏటా కొట్టినయి కుళ్ళిపోతున్నాయి."

ఆమె వెంటనే సరే అనలేదు. "మా ఆయన్ని అడగాల," అంది. ఆ ఒక్క మాటకు నేను ఇంటికి వచ్చేదాకా మళ్ళీ ఆమెతో మాట్లాడలేదు.

అత్త ఇంటికి వచ్చాక ముందు షెడ్డు పని చూశారు. మరిది రెండు పక్కల గోడలు పడగొట్టించి గాలి ఆడేలా జాలీ పెట్టించాడు. గొట్టాల అతుకులన్నీ మార్చాడు. గ్యాసు కారితే కూతపెట్టే చిన్న పెట్టె ఒకటి తెచ్చి బిగించాడు. ఇంజను దగ్గర ఎవరూ కూర్చోకూడదని గట్టిగా చెప్పాడు. ఇక అత్త నా పొయ్యి దగ్గరికే వస్తుందనుకుని పీట కడిగి పెట్టాను. వచ్చింది, కూర్చుంది, అంబలి తాగింది. నాలుగో రోజుకు కర్ర పట్టుకుని మళ్ళీ కిందికి దిగుతోంది.

"ఎక్కడికత్తా? సచ్చిపోయేదానివి కదా!"

"ఇంజను కాడికి కాదే. పూలింట్లోకి. అక్కడ గొట్టాల్లో నీళ్ళే, గ్యాసు లేదట," అంది. పూల వరసల మధ్య, వేడి గొట్టం పక్కన, ఆమె కోసం తోటికోడలు పాత కుర్చీ ఒకటి వేసింది. చావు అంచుదాకా తీసుకెళ్ళినా ఆ వేడి మీద ఆమెకు కోపం రాలేదు. నేను ఒక పూట కూర ఉప్పగా చేస్తే మాత్రం నెల్లాళ్ళు గుర్తుపెట్టుకుంటుంది.

మరిది ఒకనాడు సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. "వదినా, నీ మాట ఆలోసించాను," అన్నాడు. ఫ్యాను గాలి నేరుగా కాఫీకి పెడితే పొగ వాసన పడుతుందేమోనని తన భయమట. అందుకే వేడినీళ్ళ గొట్టం ఒకటి పక్కకు తీసి, దాని మీదుగా మంచి గాలి ఊదేలా చిన్న గది కడదామన్నాడు. మా ఆయన రాళ్ళు మోశాడు. వెదురు తడికలు, వలలు పరిచిన అరలు నేను కట్టాను. సిల్వర్ ఓక్ కొమ్మలు ముక్కలు కొట్టి, అవీ ఆ గది చివర ఆరబెట్టాం. ఎండు కర్రకు గ్యాసు బాగా వస్తుందట. ఆ తరువాతి పంటకు ముసురు పట్టినా నా గింజకు బూజు రాలేదు. కాఫీ కొనేవాళ్ళు గుప్పెట్లోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఎవరిదని అడిగారు. నాదని చెప్పాను. ఆ పూట ఎవరి మీదా నాకు కుళ్ళు లేదు.

అది ఆ పూటకే. ఇప్పుడు ఆ ఇంజను చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జీపుల్లో మనుషులు వస్తున్నారు. పూల రంగులు చూసి, గొట్టాలు తాకి చూసి, ఫోన్లలో ఫొటోలు తీసుకుంటారు. నా కాఫీ గది షెడ్డు వెనక ఉండటంతో సగం మంది అటు రానే రారు. కిందటి వారం వచ్చిన వాళ్ళలో ఒకామె మాత్రం కాఫీ వాసన పట్టుకుని వెనక్కి వచ్చింది. ఇదేమిటని తోటికోడలిని అడిగింది. నేను అరల మధ్య గింజలు కలియబెడుతూ, ఆమె ఏం చెబుతుందోనని చెయ్యి ఆపి విన్నాను.

"పగటేల వేడంతా పారబోసుకునేవోళ్ళమండి. ఇది మా అక్క ఆలోసన. మాకు తట్టలేదు," అంది తోటికోడలు. ఏ మాత్రం తడుముకోకుండా, పూలు చూపించినప్పుడు ఎంత సంతోషంగా చెప్పిందో అంతే సంతోషంగా చెప్పింది.

వాళ్ళు వెళ్ళాక గింజలు మళ్ళీ తిరగేశాను. నా ఇంటికి ఎవరైనా వచ్చి ఆమె పూల గురించి అడిగితే నేను అంత తేలిగ్గా చెప్పగలనా అనుకున్నాను. చెప్పలేను. ఆ తేలిక ఎలా వచ్చిందో ఆమెకు! ఇప్పుడు దానికి కూడా నాకు కుళ్ళుగానే ఉంది.